పుష్కరకాలపు చక్రవర్తి

ఆవకాయ పెట్టడం మీద, వాస్తు చూసుకోవడం మీద, పై అధికారి మనసు గెలుచుకోవడం మీద తెలుగులో కావలసినన్ని పుస్తకాలున్నాయి. పక్కవాడి సింహాసనం కాజేయడం మీద మాత్రం పనికొచ్చే చిన్న కరదీపిక ఒక్కటీ లేదు. ఔత్సాహికులకేం, ఊరికి పదిమంది. పద్ధతి తెలియక ఎవరికి తోచినట్టు వాళ్లు కానిచ్చేస్తుంటే పనులు చెడుతున్నాయి. ఆ లోటు కొంతైనా తీరేందుకు కంబుజ దేశపు (నేటి కంబోడియా) త్రిభువనాదిత్యవర్మగారి ఉదంతాన్ని, ఏ ద్వేషమూ లేకుండా, సాంకేతిక దృష్టితో ఇక్కడ విప్పి చూపుతున్నాం.

ఆయన 1165 ప్రాంతంలో రాజధాని అంకోర్‌లో గద్దె ఎక్కారు. 1177లో తూర్పు పొరుగు చంపా దేశపు చామ్‌ల చేతిలో పోయారు. మన పంచాంగాల్లోని శాలివాహన శకమే అక్కడి శాసనాల్లోనూ నడిచింది కాబట్టి ఆ లెక్కన 1087 నుంచి 1099 దాకా. ఇంచుమించు ఒక పుష్కరం. పుష్కరాలకు మనం నది దగ్గరికి పోతాం. ఈయన పుష్కరానికి నదే యుద్ధనౌకలు ఎక్కించుకుని ఇంటికొచ్చింది.

గద్దె ఎక్కకముందు ఆయనెవరయ్యా అంటే, అంకోర్‌లోని ఫిమియానకాస్ గుడి శాసనం ఒక్క ముక్కలో తేల్చేసింది: భృత్యుడు. (ఫిమియానకాస్ అని పలికితే ఎక్కడిదో ఖండాంతరం మాటలా ఉంటుంది గాని, విప్పితే విమానమూ ఆకాశమూ. ఆ దేశపు మాటల్ని కాస్త దులిపితే కింద మన సంస్కృతమే కనబడుతుంది.) భృత్యుడంటే మనకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. జీతగాడు, కొలువు చేసేవాడు. రాజ్యం మీద కన్నేసిన భృత్యుడట. పెద్ద అధికారే అయి ఉంటాడని చరిత్రకారులు సర్దిచెబుతారు. శాసనం మాత్రం సర్దలేదు.

మొదటి పని పేరు. కంబుజ రాజుల పేర్లకు చివర 'వర్మ' ఉండి తీరాలి. వర్మ అంటే కవచం. దాని ముందు ఏం తగిలిస్తాం అన్నదే నేర్పు. ఈయన దించేసిన రాజు యశోవర్మ, కీర్తితో సరిపెట్టుకున్నాడు. అంకోర్ వాట్ కట్టించిన రెండో సూర్యవర్మ ఒక్క సూర్యుడితో ఆగాడు. మన భృత్యుడు కొలువులోంచి లేచి నేరుగా మూడు లోకాలకూ సూర్యుడైపోయాడు. ఇలాంటి చోట ఒక కొండగుర్తు పెట్టుకోవచ్చు: పేరులో లోకాలు పెరిగేకొద్దీ సింహాసనం మీద హక్కు తరిగిందని అర్థం. తాతలనాటి భూమి ఉన్నవాడు సర్వే రాళ్లకు ప్రత్యేకంగా సున్నం వేయించడు.

అలాగని ఆయన్ని ఆడిపోసుకోవడం అన్యాయం. అంకోర్‌లో తండ్రి తర్వాత కొడుకు నెమ్మదిగా వచ్చి కూర్చోవడం అంత మామూలు సంగతేమీ కాదు. ఆ సూర్యవర్మే 1113లో ధరణీంద్రవర్మ మీద యుద్ధానికి పోయి, శత్రురాజు ఏనుగు కుంభస్థలం మీదికి దూకి చంపాడని శాసనం చెబుతుంది; కొండకొమ్మున గరుత్మంతుడు పామును చంపినట్టు చంపాడట. ఇక్కడ పరిశీలించవలసింది ఉపమానం. పామంటే చచ్చినవాడు, పైగా చుట్టమూను. గరుత్మంతుడంటే జీతమిచ్చేవాడు. కవికి ఈ లెక్క తప్పలేదు. తర్వాత ఆ రాజు 190 మీటర్ల వెడల్పు కందకం తవ్వించి, మధ్యలో అంకోర్ వాట్ కట్టించాడు. ఇవాళ ఆయన్ని రాజ్యం కాజేసినవాడని ఎవరూ అనరు, మహానిర్మాత అంటారు. టికెట్ కొనుక్కుని మరీ అంటారు.

కాబట్టి ఔత్సాహికులు గద్దె ఎక్కిన రోజునే రాయి కొట్టించడం మొదలెట్టాలి. కూలెన్ కొండల పాదం దగ్గర ఇసుకరాతి క్వారీలు. అక్కణ్నుంచి కాలువల మీద రాళ్లు దింపుకోవాలి, పేర్చాలి, ఆపైన చెక్కాలి. పెద్ద గుడి అంటే దశాబ్దాల పని. మధ్యలో యజమాని పోతే చెక్కడాలు సగంలో ఆగిపోయిన గుళ్లు అక్కడ చాలానే ఉన్నాయి. మన త్రిభువనాదిత్యుడికి పన్నెండేళ్లు చిక్కాయి. ఇదిగో, ఇది ఆయన గుడి అని వేలు పెట్టి చూపించడానికి ఒక్క పెద్ద కట్టడం మిగల్లేదు. మొదటి సాంకేతిక లోపం ఇదే.

ముహూర్తం విషయంలో మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. అంతకుముందు భరత రాహువు అనేవాడు ఇదే యశోవర్మ మీద తిరగబడి రాజభవనం పట్టుకోబోయాడు. ఆ ముచ్చట బంతేయ్ ఛ్మార్ గుడి శాసనంలో ఉంది. రాజధానిలోని సైన్యం మొత్తం పారిపోయిందట. శ్రీంద్రకుమారుడనే రాజకుమారుడు ఎదురునిలిచాడు. ఆయన్ని కాపాడబోయి సంజక్ అర్జునుడు, సంజక్ శ్రీధరదేవపురుడు ఆయన కళ్లముందే పడిపోయారు. సంజక్ అంటే ప్రభువు కోసం ప్రాణం పెట్టేవాడికిచ్చే బిరుదు. అప్పుడు రాజకుమారుడు రాహువును ముక్కు మీద కొట్టి కూల్చాడు. శాసనం ముక్కునే ప్రత్యేకంగా చెప్పింది. రాజ్యాలు తారుమారయ్యే ఘట్టంలో కూడా లేఖకుడు దెబ్బ ఎక్కడ తగిలిందో గుర్తుపెట్టుకుని రాశాడంటే, ఆ వృత్తి మీద గౌరవం పెరుగుతుంది. ఆ గుడి గోడ మీద శిల్పి కూడా తన వంతుగా రాహువుకు రాక్షసి తలకాయ తగిలించాడు. ఆ తలకాయ ముందు రాజకుమారుడు కత్తి దూసి నిలబడ్డాడు.

దీన్నుంచి తెలివైన భృత్యుడు నేర్చుకోదగ్గది ఒకటే: రాజధాని సైన్యం పారిపోతుంది. అది దాని స్వభావం. కాబట్టి బయట గడబిడ చేసి లోపలికి రావడం శుద్ధ దండగ, ముందే లోపలుంటే సరి. రాహువు మింగలేకపోయిన రాజ్యాన్ని ఆదిత్యుడే మింగేశాడు. గ్రహణాల శాస్త్రంలో ఇది అపూర్వం.

లోపలున్నవాళ్లు విశ్వాసంగా ఉండాలని అంకోర్ రాజులు చేయించే ప్రమాణపత్రం ఒకటుంది. ప్రపంచంలో అంత పకడ్బందీ పత్రం మరోటి ఉంటుందనుకోం. 1011లో, శకం 933లో, మొదటి సూర్యవర్మ తన తమ్ర్వాచ్‌ల చేత చేయించాడు. తమ్ర్వాచ్‌లంటే తనిఖీ అధికారులు. ఈ మాటే అరిగి అరిగి ఇవాళ థాయ్ భాషలో పోలీసుకు పేరైంది. రాజభవనపు తూర్పు గోపురం దగ్గర రాతి మీద పాఠం చెక్కి, కింద వాళ్ల పేర్లు వరసగా చెక్కారు. అగ్ని సాక్షిగా, బ్రాహ్మణుల ఎదుట, ఆచార్యుల ఎదుట చేతులు కోసుకుని ప్రాణాలు అర్పిస్తున్నాం అంటారు. మరో రాజును కొలవం. శత్రువుతో చేతులు కలపం. యుద్ధమొస్తే ప్రాణం మీద తీపి లేకుండా పోరాడతాం. మాట తప్పితే రాజు ఏ శిక్ష వేసినా సరే, ఆపైన సూర్యచంద్రులున్నంత కాలం ముప్పైరెండో నరకంలో పుడతాం. అంతా అయ్యాక చివర్లో మెల్లిగా ఒక విన్నపం: మాట నిలబెట్టుకుంటే మాత్రం ప్రభువులవారు మా ఊళ్లలో ధర్మసంస్థల్ని నడిపించాలి, మా కుటుంబాలను పోషించాలి.

నరకం సంగతి పాఠం మధ్యలో ఉంది, కుటుంబ పోషణ చివర్లో. ఏది మరిచిపోకూడదో చివర రాసుకోవడం దస్తావేజు రాసేవాళ్లకు తెలిసిన కిటుకే.

ఇంకో సొగసు కూడా ఉంది. ప్రమాణం చేసింది 1011లో. అందులో రాజుగారు శకం 924 నుంచి, అంటే 1002 నుంచి, ధర్మబద్ధంగా రాజ్యమేలుతున్నారని రాశారు. ఆ మధ్య కాలమంతా ఆయన జయవీరవర్మ అనే ఇంకో రాజుతో కొట్లాడుతూ ఉన్నాడు. రెండు రాజ్యాల శాసనాలూ పక్కపక్కనే దొరుకుతున్నాయి. గెలిచాక, గెలవకముందు రోజుల్ని కూడా పాలనలో కలిపేసుకున్నారు. సర్వీసు లెక్కలో శిక్షణ కాలం కలుపుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరిగే ఉద్యోగులు ఈ శాసనం నకలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇంత గట్టి పత్రంలోనూ చిన్న కన్నముంది. 'మరో రాజును కొలవం' అన్నారే గాని, 'మాలో ఎవరూ రాజు కాం' అని ఎక్కడా అనలేదు. నూట యాభై ఏళ్ల తర్వాత మన భృత్యుడు దూరింది సరిగ్గా ఈ కన్నంలోంచే. ఆయన ఏ మరో రాజునూ కొలవలేదు.

సింహాసనం దక్కాక దాన్ని నిలుపుకునే పద్ధతికి మేలైన ఉదాహరణ ఈయన పోయిన నూట పద్దెనిమిదేళ్లకు దొరుకుతుంది. 1296లో చైనా దౌత్యబృందంతో వచ్చి ఏడాది పాటు ఉండిపోయిన జౌ దాగువాన్ రాసిపెట్టాడు. ముసలి రాజు అల్లుడు శ్రీంద్రవర్మ సైన్యాధికారి. భార్య తండ్రిగారి బంగారు ఖడ్గం దొంగిలించి భర్తకిచ్చింది. ఖడ్గం ఎవరి దగ్గరుంటే రాజ్యం వాళ్లదే. అసలు కొడుకు తిరగబడబోతే కనిపెట్టి, కాలివేళ్లు నరికించి చీకటి గదిలో వేయించాడు. తన ఒంట్లోకి మంత్రించిన ఇనప ముక్క ఎక్కించుకున్నాడు, కత్తీ బాణమూ తగిలినా ఏమీ కాదట. ఆ ధైర్యంతోనే బయటికి వచ్చేవాడట. ఈయనా ఓ పన్నెండేళ్లు ఏలి, తనంత తాను గద్దె దిగిపోయాడు. పుష్కరం ఒకటే, ఏర్పాట్లు వేరు.

అదే దాగువాన్ గొడుగుల పట్టిక కూడా ఇచ్చాడు. అందరికంటే పెద్ద అధికారికి బంగారు దండెల పల్లకి, బంగారు పిడి గొడుగులు నాలుగు. తర్వాతివాడికి పల్లకీ, రెండు గొడుగులు. ఆ కిందివాడికి పల్లకీ, ఒక గొడుగు. ఆ కింద పల్లకి లేదు, వట్టి గొడుగు. ఇంకా కిందికి పోతే పిడి వెండిదైపోతుంది. చైనా ఎర్రపట్టుతో కుట్టిన గొడుగులు, అంచులు నేల దాకా జీరాడేవట. నాలుగు గొడుగుల దాకా ఎక్కినవాడికి ఐదోది ఎలా ఉంటుందో అన్న ఊహ రాకుండా ఏ పట్టికా ఆపలేదు.

ఇక మన కథలో ఖడ్గం దక్కింది గాని, కాలివేళ్లు దక్కలేదు. రాజవంశంలో పెద్ద తలకాయ, తర్వాత ఏడో జయవర్మ కాబోయేవాడు, అప్పుడు చంపాలోని విజయ నగరంలో ఉన్నాడు. (మన విజయనగరాలు రెండూ కావు, ఇది నేటి మధ్య వియత్నాం తీరం దగ్గరిది.) గడబిడ విని యశోవర్మను కాపాడదామని పరుగున వచ్చాడు. వచ్చేసరికి యశోవర్మ లేడు. రాజ్యమూ పోయింది, ప్రాణమూ పోయింది. వచ్చినవాడు తిరిగి వెళ్లలేదు, కత్తీ దూయలేదు. పాపాలతో బరువెక్కిన భూమిని ఉద్ధరించడానికి మంచి సమయం కోసం దేశంలోనే ఎదురుచూస్తూ ఉండిపోయాడని శాసనం. పన్నెండేళ్లూ ఉన్నాడు! దేశంలో ఒకాయన ఇంత ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడంటే మూడు లోకాలకూ వెలుగునిచ్చే సూర్యుడికి అనుమానమైనా రావద్దా?

పోనీ ఆయన్ని వదిలేశాడనుకుందాం, వాళ్లింటి ఆడవాళ్లనైనా లెక్కలోకి తీసుకోవలసింది. జయవర్మ భార్య జయరాజదేవి భర్త దూరమైనన్నాళ్లూ కఠిన వ్రతాలు పట్టింది. ఆమె అక్క ఇంద్రదేవి బౌద్ధశాస్త్రాల్లో దిట్ట, చదువు చెప్పే పండితురాలు, తప్పుల్లేని సంస్కృతంలో శ్లోకాలు కట్టగలదు. చెల్లెలు పోయాక ఆమే పట్టపురాణి అయింది, ఫిమియానకాస్ శాసనం రచించింది. భృత్యుడన్న మాట ఆమె ఘంటంలోంచి వచ్చిందే. శత్రువు ఇంట్లో ఏనుగులెన్ని, బాణాలెన్ని అని వాకబు చేసినవాడు, ఛందస్సు తెలిసినవాళ్లెందరని అడగకపోవడం రెండో సాంకేతిక లోపం.

మూడోది నీళ్లు. ఇది కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

చంపాలోనూ ఆ రోజుల్లోనే ఒకాయన గద్దె లాక్కున్నాడు, జయ ఇంద్రవర్మ. తన రాచరికానికి చైనా చక్రవర్తి ముద్ర పడితే బాగుంటుందని 1167లో కానుకలు పంపాడు. ఆ కానుకలు అరబ్బు వర్తకుల దగ్గర కొట్టేసిన సరుకని బయటపడి, పట్టాభిషేకపు పత్రం రాకుండా పోయింది. కానుకలతో పాటు రసీదు కూడా ఉంచుకోవాలన్న జాగ్రత్త అప్పటికింకా రాలేదు. 1170లో ఈయన ఉత్తరాన ఉన్న దాయ్ వియెత్‌తో సంధి చేసుకుని, పడమటికి, అంటే కంబుజం మీదికి తిరిగాడు. ఇటు ఏనుగులే, అటూ ఏనుగులే. గెలుపెవరికీ తేలలేదు. 1171లో ఓడ పగిలి చంపా తీరానికి కొట్టుకొచ్చిన చైనా అధికారి ఒకడు ఇది చూసి, గుర్రాలెక్కి విల్లు ప్రయోగించే పద్ధతి నేర్పాడు. ఉచిత సలహాతో లాభపడిన రాజుల జాబితా చిన్నదే. అందులో జయ ఇంద్రవర్మ పేరుంది. హైనాన్ ద్వీపంలో కొన్ని పదుల గుర్రాలు కొన్నారు, పని బాగానే జరిగింది. మరుసటి ఏడు ఎక్కువ గుర్రాలకని వెళ్తే అక్కడివాళ్లు అమ్మం పొమ్మన్నారు. గుర్రాలు లేకపోతే ఓడలున్నాయిగా అనుకున్నారు చామ్‌లు. సముద్రమే వాళ్ల పెరడు.

ఇప్పుడు దారి చూడండి. చంపా తీరం వెంట దక్షిణానికి దిగి, మెకాంగ్ నోట్లో దూరి ఎగువకు పోతే, నేడు నోమ్ పెన్ ఉన్న చోట నది నాలుగు పాయలుగా విడిపోతుంది. అందులో తోన్లే సాప్ అనే పాయ సుమారు 120 కిలోమీటర్లు పోయి పెద్ద సరస్సులో కలుస్తుంది. ఎండాకాలంలో ఆ సరస్సు లోతు చాలా చోట్ల మీటరు. దొర ఓడ కాదుగదా, దొంగ పడవ కూడా బురదలో కూరుకుపోతుంది. విస్తీర్ణం రెండున్నర వేల చదరపు కిలోమీటర్లకు పడిపోతుంది. వానలు పడి మెకాంగ్ పొంగితే ఆ పాయ వెనక్కి తిరిగి సరస్సులోకి ప్రవహిస్తుంది. లోతు తొమ్మిది మీటర్ల దాకా పెరుగుతుంది, నీళ్లు పది పదిహేను వేల చదరపు కిలోమీటర్లు ముంచేస్తాయి, ఒడ్డు అంకోర్ వైపు జరుగుతుంది. వానలు వెనకబట్టాక అదే నీరు దిగువకు మళ్లుతుంది. అంటే, వెళ్లేటప్పుడు నదే వెనకనుంచి తోస్తుంది, దోచిన సొమ్ముతో తిరిగొచ్చేటప్పుడూ నదే తోస్తుంది. దోపిడీదారు కోసం ప్రకృతి రానుపోను బండి కట్టిపెట్టిన చోటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో!

సరస్సు ఒడ్డునుంచి అంకోర్‌కు పదిహేను కిలోమీటర్లు మించదు, ఆ కాస్తకూ సియెమ్ రీప్ నది ఉంది. ఆ కాలానికి నగరం చుట్టూ ఉన్నది కొయ్య కంచె. రాజభవనం కూడా కొయ్యదే. అక్కడ రాయి దేవుళ్లకు మాత్రమే. ఏడేళ్లుగా తూర్పున ఏనుగుల యుద్ధం నడుస్తుంటే రాజుగారి చూపంతా తూర్పున ఉండడం సహజం. వీధివాకిలికి నాలుగు తాళాలు వేసి, దొడ్డితలుపు నీళ్ల పంపు కోసమని తెరిచి ఉంచే ఇల్లు మనమూ చూస్తాం.

1177లో చామ్ నౌకాదళం ఒక చైనావాణ్ణి దారి చూపించమని వెంటబెట్టుకుని వచ్చిందని చైనా గ్రంథాలు. రాజధాని దోచుకున్నారు, రాజును చంపారు, సంధి మాటలు చెవిన కూడా వేసుకోలేదు. మూడు లోకాల సూర్యుడు చివర్లో సంధికి దిగాడన్నమాట. ఎన్ని లోకాలు ఇస్తానన్నాడో రాయలేదు. ఇంద్రదేవి శ్లోకంలో మాత్రం ఓడల్లేవు: రావణుడిలా మదించిన చామ్ రాజు రథాల మీద సైన్యంతో స్వర్గంలాంటి కంబుదేశం మీదికి వచ్చాడట. అందుకే కొందరు పరిశోధకులు ఆ ఏటి నౌకాయాత్రనే నమ్మరు. ఓడలా రథాలా అన్నది వాళ్లు తేల్చుకోవలసిందే. రాజుగారి పరిస్థితిలో మార్పేమీ ఉండదు.

ఆ యుద్ధాల జ్ఞాపకం బయాన్ గుడి దక్షిణపు గోడ మీద ఇప్పటికీ చూడొచ్చు. పడవ అంచు వెంట తెడ్లువేసేవాళ్ల తలలు పూసగుచ్చినట్టు ఒకే ఎత్తులో, వాళ్ల వెనక ఈటెలు పట్టి నిలబడ్డ సైనికులు. బోర్లించిన పువ్వులాంటి టోపీ ఉంటే చామ్, కురచ జుట్టైతే ఖ్మేర్, అంటే కంబుజంవాడు. నీళ్లలో పడ్డవాణ్ణి మొసలి నోట కరిచింది; దానికి టోపీతో పనిలేదు. అదే గోడ కింది వరసలో ఇద్దరు కలిసి ఓ పందిని కాగులో దించుతున్నారు, కొందరు కోడిపందెంలో మునిగి ఉన్నారు. రాజ్యాలు పోయే రోజున కూడా పందెం కాసినవాళ్లు ఆట సగంలో వదిలిరారని ఆ శిల్పికి తెలుసు. గోదావరి జిల్లాలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఓపిగ్గా ఎదురుచూసినాయనకు మంచి సమయం రానే వచ్చింది. భృత్యుణ్ణి చంపిన పాపం చామ్‌లు మోశారు, చామ్‌లను తరిమిన పుణ్యం ఈయన మూటగట్టుకున్నాడు. 1181లో, యాభై దాటిన వయసులో, ఏడో జయవర్మగా పట్టాభిషేకం. ఆ తర్వాత ఆ రాజ్యంలో ఉలి చప్పుడు ఆగితే ఒట్టు. 102 ఆసుపత్రులున్నాయని 1186 నాటి తా ప్రోమ్ గుడి శాసనం. 1191లో ప్రేయా ఖాన్ గుడి; దాని పోషణకు 97,840 మంది అని లెక్కతో సహా రాతి మీద ఎక్కించారు. ఆ పేరుకు పవిత్ర ఖడ్గమని అర్థం. యశోవర్మా, వెనకే మన త్రిభువనాదిత్యుడూ కాపురమున్న భవనాల స్థలం అదేనంటారు.

నగరం చుట్టూ గోడ కూడా అప్పుడే కట్టారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్నది సామెతే గాని, ఆ మొరిగింది ఎనిమిది మీటర్ల ఎత్తు రాతిగోడ, ఒక్కో వైపు మూడు కిలోమీటర్లు, బయట వంద మీటర్ల కందకం. ద్వారాలు ఐదు, ఒక్కోదాని మీద నలువైపులా చూసే రాతి ముఖాలు. ద్వారాలు పొద్దున తెరిచి రాత్రికి మూసేవారని జౌ దాగువాన్ రాశాడు. కావలివాళ్లకు ప్రవేశ నిబంధనలు కూడా ఉన్నాయట: కుక్కల్ని రానివ్వకూడదు, నేరం చేసి కాలివేళ్లు నరికించుకున్నవాళ్లను రానివ్వకూడదు. మిగతా ఎవరైనా వెళ్లొచ్చు. భృత్యులు కూడా.